స్కూల్ గేటు 8:15 దాకా తీయరట, బండి లోపల పెట్టనివ్వరట. మీ దగ్గర ఎలా?

సత్యనారాయణపురం అమ్మ (విజయవాడ)

అందరికీ నమస్కారం. శనివారం మా పిల్లల స్కూలు డైరీలో ఒక సర్క్యులర్ అంటించి పంపారు. స్కూలు పేరు ఇక్కడ అనవసరం. అందులో మూడు విషయాలున్నాయి. ఉదయం 8:15కి ముందు ఎవరినీ లోపలికి రానివ్వరు, ఆ లోపు ఏం జరిగినా స్కూలుకు సంబంధం లేదు. విద్యార్థులు టూవీలర్లు తేకూడదు, కాంపౌండ్ గోడ పక్కన కూడా పెట్టకూడదు. తల్లిదండ్రుల బళ్లు గేటు ముందు ఆగకూడదు. గోడ పక్కన బండి కనిపిస్తే టైర్లలో గాలి తీసేస్తారన్నది సర్క్యులర్‌లో లేదు, వాచ్‌మన్ చెప్పిన మాట.

ప్రేయర్ 8:45కి. మా అమ్మాయి ఆరో తరగతి, ఆటోలో వెళ్తుంది. ఆటో 7:40కల్లా దింపేస్తుంది. ఇన్నాళ్లూ లోపల వేపచెట్టు చుట్టూ ఉన్న అరుగు మీద కూర్చుని హోమ్‌వర్క్ పూర్తి చేసుకునేవాళ్లు. సోమవారం నుంచి రోడ్డు మీదే. ఒక పక్క టీకొట్టు, ఎదురుగా మెకానిక్ షెడ్డు, మధ్యలో సిటీ బస్సులు తిరిగే రోడ్డు, ఫుట్‌పాత్ అంటూ ఏమీ లేదు. పిల్లలు బ్యాగులు మురికి కాలవ పలకల మీద పెట్టుకుని నిలబడుతున్నారు. నాది గుంటూరులో ఉద్యోగం, 7:30కే బస్టాండుకు బయల్దేరాలి. మా వారిది నైట్ షిఫ్ట్, ఆ టైముకి ఇంకా ఇంటికి చేరరు.

గేటు అలా మూసేసి ఉంచే హక్కు స్కూలుకు ఉందా? బళ్ల విషయం మాకు నేరుగా తగలదు గానీ, మా వీధిలో పదో తరగతి పిల్లలు ముగ్గురు స్కూటీల మీదే వెళ్తారు. వాళ్ల అమ్మలు కూడా నన్నే అడగమన్నారు.

ఉప్పల్ నాన్న

స్కూలు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. వాళ్లు ఫీజు తీసుకునేది 8:45 నుంచి 4 గంటల దాకా చదువు చెప్పడానికి. గంట ముందు దింపేసి వెళ్లిపోతే అది స్కూలు కాదు, క్రెష్. రేపు ఆ అరుగు మీంచి పడి ఎవరికైనా చెయ్యి విరిగితే మొదట గొడవ చేసేది ఆ తల్లిదండ్రులే. ఆటోవాణ్ని 8:10కి దింపమని చెప్పండి, అయిపోతుంది.

ఏడుకొండల ఆటో (గుంటూరు)

ఉప్పల్ సార్, మీరు చెప్పినంత తేలిక అయితే మేమే దింపుదుం కదా. నేను స్కూలు ట్రిప్పులే వేస్తాను. లెక్క చెప్తా వినండి. ఒక్క ట్రిప్పు పిల్లలతో ఆటో నడవదు. గ్యాసు, ఫైనాన్సు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్సు అన్నీ తీసేస్తే ఇంట్లోకి మిగలాలంటే పొద్దున రెండు ట్రిప్పులు పడాల్సిందే. రెండో ట్రిప్పు పిల్లలు 8:30కి గేటు దగ్గర ఉండాలంటే నేను వాళ్ల వీధిలో 8 గంటలకి ఉండాలి. అంటే మొదటి ట్రిప్పుని 7:40కి దింపేసి వెనక్కి తిరగాలి. ఎవరో ఒకరి పిల్లలు ఫస్ట్ ట్రిప్పు అవ్వక తప్పదు.

అందరినీ ఒకే ట్రిప్పులో తెమ్మంటారా? అప్పుడు డ్రైవర్ సీటుకి అటొకడు ఇటొకడు, వెనకాల బ్యాగులు వేలాడుతూ, ఆర్టీఓ వాళ్లు పట్టుకుంటే పేపర్లో ఫొటో. అప్పుడూ తిట్లు మాకే. ఇంకో ఆటోని పెట్టుకోండి అంటే నెలకి ఇంకా ఎక్కువ ఇవ్వాలి, అది ఎవరూ ఒప్పుకోరు. జూన్‌లో ఏ తల్లిదండ్రులైనా మొదట అడిగేది రేటు గురించే. ఫస్ట్ ట్రిప్పా సెకండ్ ట్రిప్పా అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

సత్యనారాయణపురం అమ్మ

ఏడుకొండల గారూ, మా ఆటో అతనూ ఇదే చెప్పాడు. సెకండ్ ట్రిప్పులోకి మార్చమంటే ఆ వీధి వేరు, తిప్పుకుని రావాలంటాడు. అతని తప్పు అని నేను అనలేదు.

రిటైర్డ్ హెచ్చెమ్ (తెనాలి)

అమ్మా, రెండు వైపులా నిలబడి చూసినవాడిని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

గేటు ముందుగా తీయకపోవడానికి బయట కనిపించే కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి. ఉదయం 7:30 నుంచి 8:15 దాకా స్కూల్లో ఎవరుంటారు? వాచ్‌మన్, ఊడ్చే ఆయమ్మ, ఒక్కోసారి ఆఫీసు గుమాస్తా. టీచర్లు 8:20, 8:30కి వస్తారు. వాళ్లను ముందే రమ్మంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇప్పటికే మధ్యాహ్నం డ్యూటీ, బస్సు డ్యూటీ, పేపర్లు దిద్దడం. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో టీచరుకు పాఠాల తయారీతో కలిపి వారానికి కనీసం 45 గంటల పని అని రాశారు. చాలా ప్రైవేటు స్కూళ్లలో ఆ 45 ఎప్పుడో దాటిపోయాయి. పెద్దవాళ్లు ఎవరూ లేని చోట వందమంది పిల్లలుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మెట్ల రెయిలింగ్ మీద జారడం, ల్యాబ్ తాళం లాగడం, చిన్నపిల్లలు బాత్రూముల వైపు ఒంటరిగా వెళ్లడం. ఈ చివరిదే హెడ్మాస్టర్లకి నిద్ర పట్టనివ్వదు. పనులు చేసేవాళ్లు, నీళ్ల ట్యాంకర్లు, కూరగాయల ఆటోలు లోపలికి వచ్చేది కూడా సరిగ్గా ఆ టైములోనే.

గేటు తీయకపోతే బాధ్యత బయట ఉంటుంది, తీస్తే లోపలికి వస్తుంది. మేనేజ్‌మెంటు ఆలోచన అంతే. ఆ ఆలోచన నాకు నచ్చదు. పిల్లవాడు మన యూనిఫాం వేసుకుని మన గేటు ముందు నిలబడ్డాక, కాయితం మీద ఏం రాసుకున్నా ఊరంతా మన పిల్లవాడనే అంటుంది.

మేము చేసింది చెప్తాను. ముందుగా వచ్చే పిల్లలెవరో పేర్లు రాసుకుని, వాళ్లకి వరండా పక్కన ఒకే ఒక గది తెరిచేవాళ్లం. ఆ గది దాటి కదలకూడదు. పీఈటీ మాస్టారు, ఒక ఆయా అక్కడే ఉండాలి. పీఈటీకి ఆ రోజు ఆఖరి పీరియడు మాఫీ. ఎక్స్‌ట్రా జీతం అడగలేదు, ముందే ఇంటికి పోనిస్తే చాలన్నాడు. గేటు మొత్తం తీయక్కర్లేదు, చిన్న తలుపు చాలు. మీ పేరెంట్స్ మీటింగులో గేటు తీయండి అని అడగకండి. మా ఫస్ట్ ట్రిప్పు పిల్లలకి ఒక గది, ఒక మనిషి ఇవ్వండి అని అడగండి. గేటు అంటే వాళ్లకి భయం.

ఇక లోపల బళ్లు పెట్టనివ్వకపోవడానికి మైనర్లు బండి నడపకూడదన్న చట్టం ఒక్కటే కారణం కాదు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో స్కూలు తగలబడి 94 మంది పిల్లలు చనిపోయాక, ఆ కేసుతో మొదలైన వ్యాజ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు స్కూళ్ల అగ్నిభద్రత మీద గట్టి ఆదేశాలిచ్చింది. ఫైర్ ఎన్‌ఓసీకి (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రానికి) వచ్చే ఆఫీసరు చూసేవాటిలో ఫైరింజన్ లోపలికి వచ్చే దారి ఖాళీగా ఉందా అన్నది ఒకటి. మన స్కూళ్లలో సగం, ఇళ్ల స్థలాల్లో మూడంతస్తులు లేపినవి. టీచర్ల బళ్లకే చోటుండదు.

హనుమకొండ డాడీ

హెచ్చెమ్ సార్ చెప్పింది బాగుంది గానీ బళ్ల దగ్గర అందరూ నీతులు చెప్తారు. మా వాడు పదో తరగతి. పొద్దున 6 గంటలకి మ్యాథ్స్ ట్యూషన్, అక్కడి నుంచి స్కూలు, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి 7:30కి వదులుతారు. స్కూలు బస్సు స్టడీ అవర్ పిల్లల కోసం ఆగదు. నాకు షాపుంది, వాళ్ల అమ్మకి బండి రాదు. స్కూటీ ఇవ్వక ఏం చేయాలి? స్టడీ అవర్ పెట్టింది స్కూలే, ఎలా వస్తారో వాళ్లకి తెలుసు. అయినా బండి లోపల పెట్టనివ్వరు. పదహారు నిండితే లైసెన్స్ ఇస్తారు కదా, మా వాడికి జనవరిలో పదహారు నిండుతాయి.

కోర్టు వరండా

వృత్తిరీత్యా న్యాయవాదిని. హనుమకొండ గారూ, ఆ పదహారు మాట చాలామందిని ముంచుతోంది. మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం పదహారేళ్లకి నడపగలిగేది 50 సీసీ మించని బండిని మాత్రమే. ఇప్పుడు షోరూముల్లో దొరికే స్కూటీలు 110, 125 సీసీలు. ఊళ్లలో పాలవాళ్లు నడిపే ఎక్స్ఎల్ కూడా ఇప్పుడు 100 సీసీ దగ్గరకొచ్చింది. అంటే ఆ మినహాయింపు కాయితం మీద ఉంది, షోరూములో లేదు. మిగతా బళ్లకి పద్దెనిమిది నిండాలి.

2019 సవరణతో 199ఏ అనే సెక్షన్ వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, నేరం చేసింది సంరక్షకుడు లేదా బండి యజమాని అన్నట్టే లెక్క. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) కూడా ఇవ్వరు. "నాకు తెలియదు, వాడే తాళం తీసుకెళ్లాడు" అనే వాదన ఉంది గానీ, తెలియదని నిరూపించుకోవాల్సింది మీరు. మీరు ఒప్పుకునే ఇచ్చారని కోర్టు ముందుగానే అనుకుంటుంది. పైగా రోజూ స్టడీ అవర్‌కి పంపుతున్నానని ఇక్కడ రాసుకున్నారు కదా.

జైలు, జరిమానా సంగతి పక్కన పెట్టండి. ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితులకి డబ్బు కట్టి, లైసెన్స్ లేని మైనర్ నడిపాడు కాబట్టి ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టులు తీర్పులిస్తుంటాయి. నేను చూసిన కుటుంబాల్ని దెబ్బతీసింది ఇదే. 25,000 ఎలాగో కట్టేస్తారు, నష్టపరిహారం కట్టడానికి ఇల్లు అమ్మాలి.

సత్యనారాయణపురం అమ్మ గారికి: స్కూలు తన పని వేళలు నిర్ణయించుకోవచ్చు, గేటు ఎప్పుడు తీయాలన్నది వాళ్ల ఇష్టమే. అయితే "మాకు సంబంధం లేదు" అని డైరీలో అంటించినంత మాత్రాన అన్ని సందర్భాల్లోనూ బాధ్యత పోదు. ఒకసారి లోపలికి రానిచ్చాక మాత్రం బాధ్యత స్పష్టంగా వాళ్లదే. రానివ్వకపోవడం అందుకే.

హనుమకొండ డాడీ

సరే సార్, ఎలక్ట్రిక్ బండి కొనిస్తా. దానికి లైసెన్స్ అక్కర్లేదని షాపువాడు చెప్పాడు.

కోర్టు వరండా

ఏ మోడల్ అని అడగండి. మోటారు సామర్థ్యం 250 వాట్లు మించకుండా, గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటకుండా ఉండేవాటికే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. మిగతా ఎలక్ట్రిక్ స్కూటర్లన్నీ మామూలు బండితో సమానం, నంబర్ ప్లేటు ఉంటుంది. ఇంకో సంగతి, కొన్న వారానికే 25 లిమిట్ తీసేయించుకునే పిల్లలున్నారు. లిమిట్ తీసేస్తే మినహాయింపూ పోయినట్టే.

ఇంటర్ ఫస్టియర్

అంకుల్స్, ఆంటీస్, మీరంతా మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేనొక మాట చెప్తా. మా కాలేజీలోనూ బండి నాట్ అలౌడ్. గేటు మీద పెద్ద బోర్డు. మరి బళ్లు ఎక్కడుంటాయో చెప్పనా? కాలేజీ వెనక రెండో గల్లీలో ఒక కిరాణా కొట్టు ఉంది, పక్కన ఖాళీ ప్లాటు. కొట్టు అంకుల్ బండికి రోజుకి పది రూపాయలు తీసుకుంటాడు, నెలకి మాట్లాడుకుంటే తగ్గిస్తాడు. పొద్దున చూస్తే అక్కడ హ్యాండిల్‌కి హ్యాండిల్ ఆనుకుని బళ్లే. వైస్ ప్రిన్సిపాల్ సార్‌కి తెలుసు. ఆయన కొనుక్కునేదీ ఆ కొట్లోనే.

హెల్మెట్ ఎందుకు పెట్టుకోరని అడుగుతారు. హెల్మెట్ పెట్టుకుని వస్తే దాన్ని ఎక్కడ పెట్టాలి? క్లాసుకి తీసుకెళ్తే బండి తెచ్చినట్టు దొరికిపోతాం. అద్దానికి తగిలిస్తే సాయంత్రానికి ఉండదు. కాబట్టి ఎవరూ పెట్టుకోరు. యూనిఫాం కనపడకుండా పైన జర్కిన్ వేసుకుంటారు, ఎండాకాలంలో కూడా. బండి తేవొద్దన్నారు, సరే. కానీ బస్సు మా ఏరియా నుంచి లేదు. సిటీ బస్సు రెండు మారాలి. నాకు ఇంకా పద్దెనిమిది రాలేదు, అందుకే నేను ఫ్రెండ్ వెనకాల కూర్చుంటా. వాడికీ రాలేదు అనుకోండి.

ఉప్పల్ నాన్న

బాబూ, నిజం చెప్పినందుకు సంతోషం. కానీ "బస్సు లేదు" అన్నది కారణం కాదు. మేము సైకిల్ మీద వెళ్లేవాళ్లం.

ఇంటర్ ఫస్టియర్

మీరు వెళ్లిన రోడ్డు మీద ఇప్పుడు ఒకసారి సైకిల్ తొక్కి చూడండి అంకుల్.

పసుపు బస్సు (రాజమండ్రి)

ఒక స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిని. బళ్లు లోపలికి రానివ్వకపోవడానికి ఎవరూ చెప్పని కారణం ఇంకోటుంది: రివర్స్. స్కూలు ఆవరణలో బస్సు ప్రమాదాలు ఎక్కువగా జరిగేది బస్సు వెనక్కి తీసేటప్పుడే. ఎల్‌కేజీ పిల్లవాడు డ్రైవర్ అద్దంలో కనిపించడు, బంపరు ఎత్తు కూడా ఉండడు. ఏటా ఎక్కడో ఒక చోట సొంత స్కూలు బస్సు కిందే పిల్లలు పడ్డారన్న వార్త చదువుతూనే ఉంటాం. ఆ ఇరుకులోకి పదో తరగతి పిల్లల స్కూటీలు, చిన్న క్లాసు పిల్లల్ని దింపే కార్లు కూడా వస్తే మా డ్రైవర్లు ఎటు చూడాలి?

మేము పెట్టుకున్న పద్ధతి ఇది. ఆవరణలో ఒక్క పిల్లవాడు నేల మీద ఉన్నా బస్సు కదలకూడదు. బస్సులన్నీ ముందుకే వచ్చి ముందుకే వెళ్లేలా ఒక గేటులోంచి రావడం, ఇంకో గేటులోంచి పోవడం. అటెండరు కిందికి దిగి, ఈల ఊదితేనే కదలాలి. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాకే ఆటోల పిల్లల్ని వదులుతాం. తల్లిదండ్రులు తిట్టుకుంటారు, పావుగంట లేటవుతుందని. తిట్టుకోనిస్తాం.

ఫస్ట్ ట్రిప్పు పిల్లల సంగతికొస్తే, మా బస్సులకీ అదే బాధ. మొదటి ట్రిప్పు బస్సు 7:45కి వస్తుంది. తమాషా ఏంటంటే స్కూలు బస్సులో వచ్చిన పిల్లలకి గేటు తీస్తారు, ఆటోలో వచ్చినవాళ్లకి తీయరు. మీ స్కూల్లో కూడా అంతేనేమో కనుక్కోండి. అలా అయితే మనిషి లేడన్న సాకు చెల్లదు, బస్సు పిల్లల్ని చూసే మనిషి అప్పటికే లోపల ఉన్నట్టు కదా.

సత్యనారాయణపురం అమ్మ

నిజమే! మా స్కూలు బస్సు ఒకటి 7:50కి లోపలికి వెళ్తుంది. పిల్లలు దిగి క్లాసుల్లోకి పోతారు. మా అమ్మాయి బయట నిలబడి ఆ బస్సుకి దారివ్వడానికి పక్కకి జరుగుతుందట. ఈ పాయింటు నాకు తట్టనే లేదు. మీటింగు గురువారం.

కామారెడ్డి టీచర్

అందరూ పట్నం స్కూళ్ల గురించే రాస్తున్నారు. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. మాకు పార్కింగు గొడవ లేదు, సార్ల బళ్లు చెట్టు కింద, సైకిళ్లు గోడకి. ముందుగా రావడం మాత్రం రోజూ ఉన్న కథే. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలకి పొద్దున ఒక్కటే పల్లెవెలుగు. అది 7:50కి మా ఊరి స్టాపులో ఆగుతుంది. తర్వాతిది పదిన్నరకి. అంటే వాళ్లు ఎంచుకునేదేమీ లేదు, బస్సు తెచ్చినప్పుడే రావాలి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకి టికెట్ లేదు, బస్సు కిటకిట. దాంతో ఇంకా ముందు స్టాపుకి నడిచెళ్లి ఎక్కేవాళ్లున్నారు.

2024లో హైస్కూళ్ల టైము 9:30 నుంచి 9 గంటలకి జరిపినప్పుడు టీచర్లం చాలామంది సణుక్కున్నాం. కానీ ఈ పిల్లలకి అరగంట ఎదురుచూపు తగ్గింది. అటెండరు పోస్టు మాకు ఖాళీ. తాళం చెవి ఎవరి దగ్గరుండాలన్నదే ఎప్పుడూ చర్చ. చివరికి స్కూలు పక్కింటి పెద్దమ్మకి ఇచ్చాం. ఆమె తీసి వరండా ఊడ్చి కూర్చుంటుంది, పిల్లలు అక్కడే చదువుకుంటారు. రూలు ప్రకారం ఇది సరైనదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే 8 గంటలకే బెల్లు, అప్పుడు ఆ బస్సు సరిగ్గా సరిపోతుంది. ఏడాదిలో ఆ నెలన్నర మాకు పండగ.

ఫ్రీమాంట్ నాన్న

కాలిఫోర్నియాలో ఉంటాం. ఇక్కడ ఈ రెండు గొడవలూ ఉన్నాయి గానీ వేరే రూపంలో. 2019లో ఇక్కడ ఒక చట్టం చేశారు, 2022 జులై నుంచి హైస్కూళ్లు 8:30కి ముందు మొదలు పెట్టకూడదు, మిడిల్ స్కూళ్లు 8 గంటలకి ముందు పెట్టకూడదు. టీనేజ్ పిల్లలకి నిద్ర చాలాలని. మంచిదే. కానీ అమ్మానాన్నల ఆఫీసులు మారలేదు కదా. అంచేత 7:30కే దింపేవాళ్లు దింపుతూనే ఉన్నారు. మా అబ్బాయి స్కూల్లో లైబ్రరీ ముందుగా తీస్తారు, అక్కడ కూర్చోవచ్చు. ప్రైమరీ పిల్లలకి మాత్రం గేటు తీసే టైముకి ముందు దింపితే ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది, లేదంటే డబ్బు కట్టి బిఫోర్ స్కూల్ కేర్‌లో చేర్చాలి.

పార్కింగుకి పర్మిట్. పదహారేళ్లకి ప్రొవిజనల్ లైసెన్స్ వస్తుంది. లైసెన్స్, ఇన్సూరెన్స్ కాగితాలు చూపిస్తే అద్దానికి తగిలించుకునే ట్యాగ్ ఇస్తారు. ట్యాగ్ లేని కారు పెడితే టో చేసుకుపోతారు. మొదటి పన్నెండు నెలలు పక్కన పెద్దవాళ్లు లేకుండా ఇరవై ఏళ్ల లోపు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదని రాష్ట్ర చట్టమే ఉంది. మా అబ్బాయి దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాడని నేను హామీ ఇవ్వలేను. కానీ ఒక తేడా గమనించాను. లోపల చోటు ఇచ్చారు కాబట్టే లైసెన్స్ అడిగే హక్కు వాళ్లకి వచ్చింది. ఇంటర్ ఫస్టియర్ బాబు చెప్పిన కిరాణా కొట్టాయన లైసెన్స్ అడగడు కదా.

ఉప్పల్ నాన్న

అమెరికాలో ఎకరాలకి ఎకరాలు పార్కింగు. మాకు ఇక్కడ ప్రేయర్‌కే స్థలం లేదు, మెట్ల మీద నిలబెట్టి చేయిస్తున్నారు. పోలిక కుదరదండీ. పైగా పద్దెనిమిది నిండని పిల్లవాడి బండికి స్కూలు చోటిస్తే, పోలీసులు స్కూలునే అడుగుతారు.

కోర్టు వరండా

ఈ విషయంలో ఉప్పల్ గారితో ఏకీభవిస్తాను. పదో తరగతి పిల్లల బళ్లకి స్కూలు పార్కింగు ఇవ్వకూడదు. ఇస్తే తెలిసీ ప్రోత్సహించినట్టే. కానీ ఇంటర్ సెకండియర్‌లో, డిగ్రీలో పద్దెనిమిది నిండి లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లనీ వీళ్లనీ ఒకే గాటన కట్టి "నాట్ అలౌడ్" అని బోర్డు పెట్టేస్తే, లైసెన్స్ ఉన్నవాడూ గల్లీలోకే పోతాడు. లైసెన్స్, హెల్మెట్ చూపిస్తే లోపల చోటు, లేకపోతే లేదు అంటే, ఎవరికి లేదో కాలేజీకి వారంలో తెలిసిపోతుంది.

మోడరేటర్

ఇద్దరు సభ్యులు తమ పిల్లల స్కూలు పేరు, ప్రిన్సిపాల్ పేరు రాశారు. ఆ పోస్టులు తీసేశాను. పేర్లు లేకుండా మళ్లీ రాయండి. టైర్లలో గాలి తీయడం గురించి చర్చ వేరే థ్రెడ్‌లోకి మార్చాను, అక్కడ బాగా వేడిగా ఉంది.

రిటైర్డ్ హెచ్చెమ్ (తెనాలి)

హనుమకొండ బాబూ, మీ స్టడీ అవర్ సంగతి. రాత్రి 7:30 దాకా పిల్లల్ని ఉంచాలని స్కూలు అనుకుంటే, వాళ్లని ఇంటికి చేర్చే ఏర్పాటూ స్కూలే చూడాలి. ఇది మీరు ఒక్కరే అడిగితే పని జరగదు. పదో తరగతి తల్లిదండ్రులంతా కలిసి, బస్సు ఇస్తేనే స్టడీ అవర్‌కి పంపుతాం అనండి. రిజల్ట్స్ సీజన్లో హోర్డింగు వేసుకోవాలంటే వాళ్లకి మీ పిల్లలు కావాలి. ఒక మినీ బస్సు తిప్పడానికి వెంటనే ఒప్పుకుంటారు, డబ్బు అడుగుతారనుకోండి.

హనుమకొండ డాడీ

అడిగాం సార్. నెలకి 800 అన్నారు. తలా ఒక మాట, నలుగురు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు మా ఇంట్లో బండి ఉంది కదా అన్నారు. లాయర్ గారి పోస్టు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ ఇల్లు అమ్మాలి అన్న లైన్ చదివాక ఇంకో ఏడుగురు కలిశారు. పన్నెండు మంది లేకపోతే బస్సు కదలదట. నాతో కలిపి లెక్క సరిపోయింది. సోమవారం నుంచి.

సత్యనారాయణపురం అమ్మ

మీటింగు అయింది. పసుపు బస్సు గారు చెప్పిన పాయింటే మొదట అడిగాను. బస్సు పిల్లల్ని లోపలికి పంపిస్తూ మా పిల్లల్ని ఎందుకు ఆపుతున్నారని. ప్రిన్సిపాల్ మేడమ్ ఇన్‌ఛార్జి వైపు చూశారు, ఆయన కాయితాలు సర్దుకున్నారు. బస్సు పిల్లలకి ట్రాన్స్‌పోర్ట్ ఫీజు ఉంది, అందులో అటెండర్ జీతం ఉంది అన్నారు. అయితే మేమూ కొంత కడతాం అన్నారు ఒకరు. ఇంకొకరు లేచి, అన్నిటికీ డబ్బేనా అని గొడవ. చివరికి హెచ్చెమ్ గారు చెప్పినట్టు ఒక గది, ఒక మనిషి అని అడిగాను.

తేలింది ఇది. 7:35 నుంచి చిన్న తలుపు తీస్తారు. ఆటోల పిల్లల పేర్లు లిస్టు ఇవ్వాలి, లిస్టులో ఉన్నవాళ్లే లోపలికి. కంప్యూటర్ ల్యాబ్ పక్క గదిలో కూర్చోవాలి, కదలకూడదు. ఆయా ఉంటుంది. ఈ నెలకి ఉచితం, వచ్చే నెల నుంచి ఏం చేస్తారో చూస్తాం అన్నారు, అంటే ఫీజు వేస్తారనే నా అనుమానం. సొంత బండి మీద ముందుగా దింపేవాళ్లకి మాత్రం 8:15 అలాగే ఉంది. దాని మీద కొందరికి కోపం, నా మీద కూడా. లిస్టు రాసుకుంటున్నాను కదా, అందుకు.

బళ్ల మీద స్కూలు ఒక్క అంగుళం కూడా జరగలేదు. లైసెన్స్ వచ్చే వయసు పిల్లలు మా స్కూల్లో ఎవరూ లేరు కాబట్టి నేనూ వాదించలేదు. సైకిల్ స్టాండు మాత్రం వేస్తామన్నారు, పాత ఖో ఖో కోర్టు పక్కన రేకుల షెడ్డు. మా వీధి అమ్మలు ముగ్గురిలో ఒకావిడ కొడుకుకి సైకిల్ కొంటానంది. మిగతా ఇద్దరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

తల్లిదండ్రుల బళ్లు గేటుకి అటొక యాభై అడుగులు, ఇటొక యాభై అడుగులు ఆగకూడదని సున్నంతో గీత గీస్తారట. వాచ్‌మన్‌కి ఈల ఇచ్చారు.

ఏడుకొండల ఆటో (గుంటూరు)

మేడమ్, మంచి పని చేశారు. మీ ఆటో అతనికి నా మాటగా ఒకటి చెప్పండి. ఫస్ట్ ట్రిప్పు, సెకండ్ ట్రిప్పు వీధుల్ని నెలకోసారి మార్చుకోమనండి. జూన్‌లోనే చెప్పేస్తే ఎవరూ గొడవ పడరు, నేను అలాగే చేస్తున్నా. ఎప్పుడూ ఒకే వీధి పిల్లలు పొద్దున ఆరింటికి లేవడం బాగోదు.

ఇంకో సంగతి. ఆ సున్నం గీతల మధ్య కార్లు ఆగకూడదు, బైకులు ఆగకూడదు, సరే. మరి ఆటో ఎక్కడ ఆగాలో గీశారా? పిల్లల్ని యాభై అడుగుల అవతల దింపితే వాళ్లు బ్యాగులేసుకుని సిటీ బస్సుల పక్క నుంచే నడవాలి. ఆ గీత గీయకముందే అడగండి.